పొగను కాల్చే పొయ్యి

మొదటిసారి నేను కట్టిన ఓవెన్‌లో ఉడికినవి నా కళ్లే. బిస్కెట్లు పచ్చిగానే ఉండిపోయాయి.

వేసవి సెలవులకు పిల్లలొచ్చిన రోజులవి. బేకరీ మాట లేకుండా ఇంట్లోనే బిస్కెట్లు చేసిపెడతానని గొప్పలు పోయాను. కంభం చెరువు మట్టి తెప్పించి, జానెడు మందాన గోడలు పెట్టి, తుమ్మ మొద్దు నిలువునా పట్టేంత నోరు వదిలి, పెరట్లో ఓవెన్ కట్టాను. గోడ మందంగా ఉంటే వేడి నిలుస్తుందని, నోరు పెద్దదైతే మంట పెద్దదవుతుందని నా లెక్క. రెండు గంటలు మంట పెట్టినా లోపల చెయ్యి పెట్టి తీయగలిగేంత వేడే ఉంది. పొగ మాత్రం పక్క వీధిదాకా పోయింది. దారిన పోతున్న మేస్త్రీ ఆగి చూసి, "గోడకి చలేస్తందని మంట పెట్టినట్టుందే సామీ!" అన్నాడు.

నవ్వులాటకే అన్నా, నా తప్పంతా ఆ ఒక్క మాటలో ఉంది. రెండు గంటల మంటనూ గోడే తాగేసింది. ఈ అధ్యాయం ఆ తప్పు నుంచి పుట్టింది. పొయ్యి కట్టడం ఇందులో సగం విషయం. చేత్తో చేసుకున్న వస్తువు ఎందుకు పనిచేస్తోందో, ఎందుకు చెయ్యడం లేదో తెలుసుకోవడం రెండో సగం.

పొగ అంటే కాలని కట్టె

కట్టె నేరుగా మండదు. వేడి తగిలితే ముందు దానిలోని నీరు ఆవిరవుతుంది, తర్వాత మండే వాయువులు బయటికొస్తాయి. మనం మంట అని చూసేది ఆ వాయువులు కాలడమే. వాటికి సుమారు 600 డిగ్రీల వేడీ, సరిపడా గాలీ అందితే పూర్తిగా కాలిపోతాయి. అందకపోతే పొగై లేచిపోతాయి. గోడ మీద మసి, గిన్నె అడుగున మసి, ఇల్లాలి ఊపిరితిత్తుల్లో మసి అన్నీ డబ్బు పెట్టి కొన్న కట్టెలో కాలకుండా మిగిలిన భాగమే.

మూడు రాళ్ల పొయ్యిలో మంట నలువైపులా విచ్చుకుంటుంది. చల్లటి గాలి అన్ని పక్కల నుంచీ దూరుతుంది. ఇంకా పూర్తిగా కాలని వాయువు చల్లటి గిన్నెకు తగిలి మసిగా మారుతుంది. కట్టెలో ఉన్న వేడిలో గిన్నెకు చేరేది మామూలుగా నూటికి పది, పదిహేను పాళ్లే. మిగతాది ఆకాశానికీ, గోడకూ, కళ్లకూ పోతుంది. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

గ్యాసు వచ్చింది కదా అంటారు. వచ్చింది, మంచిదే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం ఎన్నో ఇళ్లకు సిలిండరు చేర్చాయి. అయినా మన పల్లెల్లో పెరటి పొయ్యి ఆరలేదు. స్నానాలకు నీళ్లు కాగేది, ఎద్దులకు ఉలవలు ఉడికేది, పెళ్లికీ పేరంటానికీ వంటయ్యేది అక్కడే. ఎలాగూ మండే పొయ్యి కాబట్టి బాగా మండేలా చూసుకోవడమే తెలివి.

మనకంటే ముందు ఆలోచించినవాళ్లు

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనశాల డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు 1953లోనే పొగలేని వంటిళ్ల మీద ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం రాశారు. మట్టితో కట్టుకునే ఆయన పొయ్యి మీద గిన్నెలు వరుసగా కూర్చుంటాయి, పొగ గొట్టంలోంచి ఇంటి బయటకు పోతుంది. ఆ పరిశోధనశాల ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలతో దానికి 'హెర్ల్ చూలా' అని పేరు పడింది.

తర్వాత కేంద్ర ప్రభుత్వం 1980లలో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో అది ముగిసేనాటికి దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచారు. వాటిలో చాలావాటిని కొన్నాళ్లకే పక్కన పెట్టేశారు. గొట్టంలో మసి పేరుకుంది, గోడ బీటలు వారింది, నోరు విరిగింది. కట్టినవాళ్లు తర్వాతి ఊరికి వెళ్లిపోయారు. బీట ఎలా పూడ్చాలో, మసి ఎప్పుడు దులపాలో ఇంటివాళ్లకు నేర్పినవాళ్లు తక్కువ.

అదే 1980లలో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో అప్రొవెచో అనే పరిశోధనా కేంద్రంలో లారీ వినియార్‌స్కీ అనే ఇంజినీరు ఇంకో వైపు నుంచి ఆలోచించాడు. పొగను బయటికి పంపడం కంటే, పుట్టినచోటే దాన్ని కాల్చేస్తే? సన్నటి నోరు, దాని మీదే నిలువుగా పొట్టి గొంతు, గొంతు చుట్టూ వేడిని బయటికి పోనివ్వని పొర. ఇంతే ఆయన పొయ్యి. మండేటప్పుడు గొంతులోంచి గాలి బుస్సుమని లాగుతుంది. దానికి రాకెట్ పొయ్యి అని పేరు. మన దగ్గర హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ ఎన్. సాయిభాస్కర్ రెడ్డి తక్కువ ఖర్చు పొయ్యిలు ఎన్నో రూపొందించి, ఎవరైనా చేసుకోవచ్చని వాటి నమూనాలను బయటపెట్టారు.

నాలుగు సూత్రాలు

ఒకటి: దారి అంతా ఒకే వైశాల్యం. నోరు, గొంతు, పొగ తిరిగే సందు, చివరి గొట్టం ఇంచుమించు సమానంగా ఉండాలి. ఎక్కడ ఇరుకైనా పొగ వెనక్కి తంతుంది.

రెండు: గొంతు ఎత్తు దాని వెడల్పుకు రెండింతలకు పైగా, మూడింతల లోపు ఉండాలి. పొట్టిదైతే గాలి లాగదు, మరీ పొడుగైతే వేడి దారిలోనే తగ్గిపోతుంది.

మూడు: గొంతు చుట్టూ ఉండేది తేలిగ్గా ఉండాలి. మందపాటి మట్టి, రాయి, ఇసుక వేడిని ఆపవు, తాగుతాయి. వేడిని ఆపేది తేలికైన వాటిలో చిక్కుకున్న గాలి. జల్లించిన పొడి బూడిద, బియ్యం మిల్లులో దొరికే ఊక బూడిద అందుకు బాగా పనికొస్తాయి. రోజంతా మండే బేకరీ భట్టీకి బరువైన గోడ లాభమే, ఎందుకంటే అది ఒకసారి వేడెక్కితే రాత్రిదాకా ఇస్తూనే ఉంటుంది. గంటసేపు వాడే ఇంటి ఓవెన్‌కు ఆ గోడ అప్పు తీసుకుని తీర్చని చుట్టం లాంటిది.

నాలుగు: కట్టెల కొసలే మండాలి. మొత్తం కట్టెను లోపలికి తోయకూడదు. మంట పెంచాలంటే ఇంకో పుల్ల, తగ్గించాలంటే ఒక పుల్ల వెనక్కి. కింద గాలి ఆడేలా పుల్లలు ఇనప పట్టీల మీద ఉండాలి.

మొదటి మెట్టు: 25 ఇటుకలు

ఒకేసారి ఓవెన్‌కు దిగకండి. ముందు మట్టి, సిమెంటు లేకుండా, పొడి ఇటుకలు పేర్చి పొయ్యి మాత్రం చూడండి. తప్పయితే ఊడదీసి మళ్లీ పేర్చవచ్చు. నేను మొదట్లో చెయ్యనిది ఇదే.

ఇటుక 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 మందం అనుకుందాం. మీ ఊరి బట్టీ ఇటుక కాస్త తేడా ఉండొచ్చు, టేపుతో కొలుచుకోండి. నాలుగు ఇటుకలను పిల్లల గాలిమర రెక్కల్లా ఒకదాని తల ఇంకోదాని పక్కకు తగిలేలా పడుకోబెడితే మధ్యలో నాలుగున్నర అంగుళాల చదరపు ఖాళీ వస్తుంది. అదే గొంతు.

మొదటి రెండు వరసల్లో ముందువైపు ఇటుక తీసేసి, ఆ మూల నిలబడడానికి సగం ఇటుక పెట్టండి. అక్కడ నోరు తెరుచుకుంటుంది. నోటి మధ్యలో రెండు ఇనప పట్టీలు అడ్డంగా పెడితే పైన పుల్లలు, కింద గాలి. నోటి మీద ఇంకో రెండు పట్టీలు వేసి, ఆ పైన నాలుగు వరసలు పూర్తిగా పేర్చండి. వరస వరసకూ గాలిమర దిశ మారిస్తే అతుకు మీద అతుకు పడదు. లెక్క వేస్తే 23 ఇటుకలు. విరుగుళ్లకు ఇంకో రెండు.

పైన గిన్నె నేరుగా పెట్టకండి, పొగకు దారి మూసుకుపోతుంది. ఎంత సందు వదలాలో కూడా లెక్కే చెబుతుంది. గొంతు వైశాల్యం నాలుగున్నర ఇంటూ నాలుగున్నర, అంటే సుమారు 20 చదరపు అంగుళాలు. గొంతు చుట్టుకొలత 18 అంగుళాలు. 20ని 18తో భాగిస్తే ఒక అంగుళం పైచిలుకు. గిన్నె కింద అంత మందం రాతి ముక్కలు మూడు పెడితే చాలు.

ఎండిన చిదుగులతో అంటించండి. ఐదారు నిమిషాలకు గొంతులోంచి చప్పుడు మొదలవుతుంది, పైన పొగ పలచబడుతుంది. ఆ శబ్దం విన్నాకే రెండో మెట్టు ఎక్కండి.

రెండో మెట్టు: ఓవెన్

దీనికి ఒక ఇనప డబ్బా కావాలి. వెల్డింగ్ షాపులో నల్ల రేకుతో 16 అంగుళాల వెడల్పు, 16 లోతు, 12 ఎత్తున, ముందు తలుపుతో చేయించుకోవచ్చు. తిండి ఈ డబ్బాలో ఉంటుంది. పొగ దాని చుట్టూ తిరుగుతుంది, లోపలికి రాదు.

మనం పేర్చిన గొంతునే ఇప్పుడు మట్టితో కట్టండి. చెరువు నల్లమట్టి ఒక్కటే వాడితే ఎండాక బీటలిస్తుంది, ఒక పాలు మట్టికి రెండు మూడు పాళ్లు ఇసుక కలపండి. సిమెంటు వద్దు, మంట తగిలేచోట అది పగిలి రాలుతుంది. గొంతు చుట్టూ లోపలి కొలత 18 అంగుళాలు ఉండేలా చదరపు గోడ లేపండి. నోరున్న వైపు మాత్రం గోడ గొంతుకు ఆనుకుని ఉండాలి, దానిలో కూడా నోటికి సరిగ్గా ఖాళీ వదలాలి. మిగతా మూడు వైపులా మిగిలిన సందులో పొడి బూడిద నింపి, పైన పలచగా మట్టి మెత్తండి.

గొంతు పైకి రాగానే నాలుగు మూలలా ఒకటిన్నర అంగుళాల ఇటుక ముక్కలు పెట్టి డబ్బా కూర్చోబెట్టండి. అదే గోడను డబ్బా పక్కలకూ వెనక్కూ పైకి తీసుకెళ్లండి. డబ్బాకూ గోడకూ మధ్య అంగుళం సందు. అంతకంటే ఎక్కువైతే వేడి డబ్బాను తాకకుండానే పైకి వెళ్లిపోతుంది. ముందువైపు డబ్బా అంచుకూ గోడకూ మధ్య మట్టితో పూర్తిగా మూసేయండి. పైన కూడా సందు వదిలి, నల్ల రేకు కప్పి, ఆ రేకులో ముందువైపు 5 అంగుళాల గొట్టం నిలపండి. దాని వైశాల్యం కూడా ఇంచుమించు 20 చదరపు అంగుళాలే. గొట్టం ముందు ఉండడం వల్ల పక్కలా వెనకా లేచిన వేడి డబ్బా నెత్తి మీదుగా ప్రాకి బయటికి వెళుతుంది. రేకు మీద మూడు అంగుళాల బూడిద పోసి మట్టితో మూసేయండి. గోడల బయట కూడా మట్టి కంటే ఊక ఎక్కువున్న ముద్ద రెండు మూడు అంగుళాలు మెత్తితే ఇంకా మంచిది.

డబ్బా అడుగు మధ్యలో మంట నేరుగా తగులుతుంది. అక్కడ పెట్టిన బిస్కెట్టు బొగ్గవుతుంది. అందుకే లోపల అడుగున అంగుళం మందం పొడి ఇసుక పరిచి, దాని మీద జాలీ, జాలీ మీద ట్రే పెట్టాలి. గొంతుతో కలిపి మొత్తానికి 125 ఇటుకలు పడతాయి, 140 తెచ్చుకోండి. కట్టాక వారం రోజులు రోజుకో చిన్న మంట పెట్టి ఆరబెట్టండి. తొందరపడి మొదటిరోజే పెద్ద మంట పెడితే గోడ బీటలతో జవాబు చెబుతుంది.

చేతికందినవన్నీ పనికిరావు

మన మార్కాపురం ప్రాంతంలో ఊరికే దొరికేవి కొన్ని ఉన్నాయి. వాటి దగ్గరే పొరపాటు జరుగుతుంది.

పురుగుమందు డ్రమ్ములు: మిరప, పత్తి పండే ఊళ్లలో మూలమూలకూ కనిపిస్తాయి. ఎంత కడిగినా, ఎంత కాల్చినా తిండి దగ్గరకు తేవద్దు. ఆయిలో, థిన్నరో ఉన్న డ్రమ్మును మూతి బిగించి కట్టర్‌తో కోయబోతే లోపలి ఆవిరి అంటుకుని పేలుతుంది.

జింకు పూత రేకులు: వేడెక్కితే వచ్చే పొగ పీల్చితే జ్వరం తెస్తుంది. మంట తగిలేచోట వాడకూడదు.

నాపరాయి: అది సున్నపురాయి. బాగా కాలితే సున్నమై రాలిపోతుంది.

మార్కాపురం పలక: పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కాబట్టి లోపలి చెమ్మ ఆవిరై పొరలు విచ్చుకుంటాయి, ముక్కలు ఎగిరి కంట్లో పడొచ్చు. గొంతులోకి వద్దు. ఓవెన్ ముందు అరుగుకు, కట్టెలు ఆరబెట్టే తిన్నెకు మాత్రం దాన్ని మించింది లేదు. దానికింకో పని కూడా ఉంది, చివర్లో చెబుతాను.

ఏ కట్టె, ఎలాంటి కట్టె

బొటనవేలు లావు పుల్లలు చాలు. ఈ పొయ్యికి గొడ్డలితో పని తక్కువ. కందిచేను కోశాక మిగిలే కంది కట్టె దీనికోసమే పుట్టినట్టుంటుంది, త్వరగా అంటుకుంటుంది. సర్కారు తుమ్మ గట్టి కట్టె, నెమ్మదిగా, వేడిగా కాలుతుంది. కంది కట్టెతో మొదలుపెట్టి తుమ్మతో నిలబెట్టడం మంచి పద్ధతి. మందులు బాగా కొట్టిన పత్తి, మిరప కట్టె నేను వాడను.

కట్టె ఎండిందో లేదో రెండు గుర్తులు. రెండు పుల్లలు ఒకదానితో ఒకటి కొడితే ఖణేలుమనాలి. మంటలో పెట్టినప్పుడు రెండో కొసన నురగ కక్కకూడదు. నురగ వస్తే మీరు కాలుస్తున్నది నీళ్లను.

కట్టె కోసం నల్లమల ఎక్కనవసరం లేదు. మార్కాపురం అటవీ డివిజన్‌లో చాలా భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. అక్కడ కట్టె కొట్టడం నేరం. చేలగట్ల మీద తుమ్మ కంప ఎంత కొట్టినా మళ్లీ లేస్తూనే ఉంటుంది.

కాల్చే పద్ధతి

మంట పెట్టిన అరగంటకు ఓవెన్ సిద్ధమవుతుంది. బిస్కెట్లకు 170 నుంచి 180 డిగ్రీలు, బ్రెడ్డుకు 200 నుంచి 220 డిగ్రీలు కావాలి. ఓవెన్ థర్మామీటరు కొనుక్కుంటే సుఖం. లేకపోతే చిన్న పళ్లెంలో చెంచాడు గోధుమపిండి పరిచి లోపల పెట్టండి. రెండు మూడు నిమిషాల్లోనే నల్లబడితే వేడెక్కువ, రెండు పుల్లలు వెనక్కి లాగండి. ఐదారు నిమిషాలకు లేత గోధుమరంగు వస్తే బిస్కెట్లకు సరి.

మొదటి ప్రయత్నానికి సజ్జ బిస్కెట్లు చేయండి. ఒక కప్పు సజ్జపిండి దోరగా వేయించి, అరకప్పు గోధుమపిండి, ముప్పావు కప్పు బెల్లం పొడి, అరకప్పు నెయ్యి, చిటికెడు వంటసోడా, కాస్త యాలకుల పొడి కలపండి. ముద్ద కాకపోతే చెంచా రెండు చెంచాల పాలు. చిన్న వడల్లా ఒత్తి ట్రేలో పెడితే 15 నుంచి 20 నిమిషాల్లో అవుతాయి. వేడిమీద మెత్తగానే ఉంటాయి, ఆరాక కరకరలాడతాయి. ఉడకలేదని మళ్లీ లోపల పెట్టి మాడ్చుకోకండి. బిస్కెట్లు దించాక మంట ఆర్పేసి, మిగిలిన వేడిలో వేరుశనగ కాయలో, చిలగడదుంపలో పెట్టి తలుపు మూసేయండి.

మొండికేస్తే

నోట్లోంచి పొగ వెనక్కి వస్తే కట్టెలు కుక్కి పెట్టారు, లేదా గొట్టంలో మసి నిండింది. నెలకోసారి దులపండి. మంట బాగా ఉన్నా లోపల వేడెక్కకపోతే సందు పెద్దదైంది, లేదా బూడిద తడిసింది. వానాకాలం ఓవెన్ మీద నీడ ఉండాలి. ఒకవైపే మాడితే డబ్బా ఒకవైపు ఒరిగింది. అడుగు మాడి పైన పచ్చిగా ఉంటే ఇసుక మందం పెంచండి.

రెండు జాగ్రత్తలు మరవద్దు. కిటికీలు మూసిన గదిలో దీన్ని ఎప్పుడూ వెలిగించకూడదు. పొగ కనిపించకపోయినా ప్రాణం తీసే వాయువు ఉంటుంది. వామి దగ్గర, పూరి చూరు కింద అసలు వద్దు. మన వేసవి గాడ్పుకు ఒక్క నిప్పురవ్వ చాలు.

ఈ వారం పని

పలకకు ఇంకో పని ఉందన్నాను కదా. దేశంలోని పిల్లలెందరికో అక్షరాలు దిద్దుకోవడానికి పలకలిచ్చిన ఊరు మార్కాపురం. ఒక పలక పొయ్యి పక్కన తగిలించండి. దాని మీద నాలుగు గళ్లు గీయండి: తేదీ, ఎన్ని కిలోల కట్టె, ఎంతసేపు, ఏం తేడా చేశాను. ఒకరోజు మూడు రాళ్ల పొయ్యి మీద ఐదు లీటర్ల నీళ్లు మరిగించి, కాలిన కట్టె తూచి రాయండి. మర్నాడు అవే ఐదు లీటర్లు, అదే గిన్నె, ఇటుకల పొయ్యి మీద. నా మాట, ఇంకొకరి మాట నమ్మనక్కర్లేదు, తక్కెడే చెబుతుంది.

ఆనాటి మూడు కోట్ల పొయ్యిలకు కరువైంది ఇదే. వాటికి ఇటుకా ఉంది, గొట్టమూ ఉంది. బీట వచ్చినరోజు తడిమట్టి పట్టుకుని కూర్చోగలిగిన మనిషి లేడు. నేను కట్టిన మూడో ఓవెన్ ఇప్పటికి నాలుగుసార్లు బీటలిచ్చింది. నాలుగుసార్లూ అరగంటలో నేనే పూడ్చాను. ఎక్కడ ఎందుకు పగిలిందో నాకు తెలుసు కాబట్టి మేస్త్రీని పిలవాల్సిన పని పడలేదు. ఆయన ఇప్పుడు బిస్కెట్లకు మాత్రమే వస్తున్నాడు.

ఆదివారం ఉదయం 25 ఇటుకలు, నాలుగు ఇనప పట్టీలు, చంకెడు కంది కట్టె పెరట్లో పెట్టుకోండి. పేర్చండి, అంటించండి, తప్పయితే ఊడదీయండి. సాయంత్రానికి పలక మీద ఒక వరస నిండి ఉండాలి.